సిలికా మోనోలిత్ రియాక్టర్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

మోనోలిత్ రియాక్టర్ అంటే, లోపలంతా సన్నని దారులున్న ఒకే ముక్క కడ్డీని గొట్టంలో బిగించి, దాని గుండా ద్రవాన్ని పంపుతూ రసాయన చర్య జరిపించే సాధనం. దాన్ని కొనాలనో, సొంతంగా చేసుకోవాలనో అనుకునేవారు ముందుగా ఉత్ప్రేరకం గురించే అడుగుతారు. ఉత్ప్రేరకంగా పనిచేసే పల్లాడియం లోహం కడ్డీకి ఎంత ఎక్కుతుంది, ఎంతకాలం నిలుస్తుంది అని. నేనైతే కడ్డీకీ దాని చుట్టూ ఉన్న గొట్టానికీ మధ్య సందు లేకుండా ఉందో లేదో ముందు చూడమంటాను. కొన్నేళ్లుగా వీటితోనే పని చేస్తున్నాను. బాగా నడిచినవాటికీ విసిగించినవాటికీ తేడా ఎక్కువసార్లు అక్కడే కనిపించింది.

నేను వాడేది సిలికా రకం. జపాన్‌కు చెందిన నకనిషి, సోగా 1991లో చూపిన పద్ధతి దీనికి మూలం. సిలికా ద్రావణం జెల్‌గా మారుతున్న సమయంలోనే, అందులో కలిపిన పాలిమర్ కారణంగా సిలికా ఎక్కువున్న భాగం, ద్రావణి ఎక్కువున్న భాగం అని రెండుగా విడిపోతుంది. ఆ విడిపోవడం పూర్తి కాకముందే గట్టిపడటంతో ఈ కొస నుంచి ఆ కొస దాకా తెరిచి ఉన్న దారులు మిగులుతాయి. దారుల వెడల్పు కొన్ని మైక్రోమీటర్లు. వాటి గోడల్లో మళ్లీ పది, ఇరవై నానోమీటర్ల రంధ్రాలు. ద్రవం పెద్ద దారుల్లో పారుతుంది, చర్య చిన్న రంధ్రాల్లో జరుగుతుంది.

దీనివల్ల దక్కే లాభం నిజంగా పెద్దది. అణువు వ్యాపించడానికి పట్టే సమయం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, లోపలికి వెళ్లాల్సిన దూరం ఇరవయ్యో వంతుకు తగ్గితే సమయం 400వ వంతుకు పడిపోతుంది. గుళికలు నింపిన గొట్టంలో ఇదే సాధించాలంటే గుళికలను పొడిలా చేయాలి. అప్పుడు పీడనం పంపు మోయలేనంతగా పెరుగుతుంది. మోనోలిత్‌లో ఆ రెంటి మధ్య బేరం ఉండదు. 6 మిల్లీమీటర్ల వ్యాసం, 10 సెంటీమీటర్ల పొడవు ఉన్న కడ్డీలో 80 శాతం ఖాళీ అనుకుంటే, నిమిషానికి అర మిల్లీలీటరు పంపినప్పుడు ద్రవం సుమారు నాలుగున్నర నిమిషాలు లోపల ఉంటుంది. హైడ్రోజనీకరణకూ (అణువుకు హైడ్రోజన్ చేర్చే చర్య), కడ్డీకి అమైన్ అనే క్షార సమూహాన్ని తగిలించి చేసే నోవెనగెల్ సంఘననానికీ (రెండు అణువులను కలిపి కార్బన్ జంట బంధం ఏర్పరిచే చర్య) ఇంతకంటే హాయైన రియాక్టర్ నేను వాడలేదు.

ఇక అసలు చిక్కు. జెల్ గట్టిపడేటప్పుడూ ఎండేటప్పుడూ ముడుచుకుంటుంది. అందుకే గొట్టంలోనే పోసి చేస్తే గోడ పక్కన సందు మిగులుతుంది. కడ్డీని విడిగా చేసి, వేడికి ముడుచుకునే ఎఫ్ఈపీ (టెఫ్లాన్ లాంటి ప్లాస్టిక్) గొట్టంలో బిగించడం నాకు నచ్చిన దారి. బిగించిన తర్వాతే అమైన్ సమూహాలను ప్రవాహంలో తగిలిస్తాను. ముందే తగిలిస్తే ఆ వేడికి అవి చెడిపోవచ్చు. ఎఫ్ఈపీ పారదర్శకం కావడంతో మరో మేలు ఉంది. పల్లాడియం లవణం ఎక్కించిన కడ్డీలోకి హైడ్రోజన్ కలిసిన ద్రావణిని పంపితే, లేత గోధుమరంగు నల్లబడుతూ పైనుంచి కిందికి దిగుతుంది. ఆ నలుపు అంచు అడ్డంగా, సమంగా దిగితే కడ్డీ మంచిది. ఒక పక్కన గీతలా ముందుకు పరుగెత్తిందంటే ద్రవం గోడ వెంట జారుకుంటున్నట్టే. అలాంటి కడ్డీని నేను వాడను. దానిమీద తీసిన ఏ ఫలితమూ నమ్మదగినది కాదు. పీడనం ఎక్కువ కావాలంటే మాత్రం ఈ పలుచని గొట్టం చాలదు, బయట స్టీలు తొడుగు తప్పనిసరి.

సుజుకి కలయికకు, అంటే పల్లాడియం సాయంతో, క్షారం సమక్షంలో రెండు కార్బన్ అణువులను జతచేసే చర్యకు, దీన్ని సిఫారసు చేయను. కార్బొనేట్ క్షారం సిలికానే కరిగిస్తుంది. పైగా చర్య సాగుతుండగా పల్లాడియం ద్రావణంలోకి దిగి, కొంత దూరం కొట్టుకుపోయి, మళ్లీ అంటుకుంటుంది. కడ్డీ మొదలు వెలిసిపోతూ చివర ముదురుతూ కనిపిస్తే జరుగుతున్నది అదే. క్షారం తప్పనిసరైతే సిలికాకు బదులు పాలిమర్‌తో చేసిన మోనోలిత్ వైపు వెళ్లాలి. అయితే ద్రావణి మార్చినప్పుడల్లా అది ఉబ్బడం, కుంచించుకుపోవడం ఉంటుంది. గోడ దగ్గర సందు సమస్య అక్కడా వెంటాడుతుంది.

కడ్డీ మూసుకుపోతే గుళికల్లా తీసి మళ్లీ నింపుకునే వీలు లేదు. మొత్తం పారేయాల్సిందే. అందుకని ముందు అర మైక్రోమీటరు వడపోత పెట్టుకోండి. ఉత్పత్తి ద్రావణిలో సులువుగా కరగకపోతే గాఢత తగ్గించండి. పీడనం నెమ్మదిగా పెరుగుతున్నట్టు గమనిస్తే అప్పుడే ప్రవాహ దిశ తిప్పి కడగండి, ఒక్కసారిగా పెరిగే దాకా ఆగితే ఆ కడుగుడు పెద్దగా పనిచేయదు.