తోట షెడ్డు రేకులకు బ్యూటైల్ టేపు: అతుకుకు సరే, స్క్రూకు కాదు

అనంతపురం చుట్టుపక్కల చీనీ (బత్తాయి) తోటల్లో మోటారు షెడ్డు కారడం మొదలైతే చాలామంది ముందు కొనేది హార్డ్‌వేర్ షాపులో వేలాడే వెండిరంగు టేపు చుట్ట. నాలుగంగుళాల వెడల్పు, ఐదు మీటర్ల పొడవు, పైన అల్యూమినియం పొర, కింద బ్యూటైల్ అనే రబ్బరు జిగురు. ఐదుకు మూడు మార్కులివ్వొచ్చు. పోయిన రెండింటికీ టేపు కంటే అతికించే చోటే ఎక్కువ కారణం.

ఇనుప రేకుల్లో నీళ్లు ఎక్కువగా దిగేది స్క్రూ బొక్కల దగ్గర. స్క్రూ తల కిందుండే నల్ల రబ్బరు వాషరు ఎండకు గట్టిపడి పగులుతుంది. పైగా రేకు రోజూ సాగుతుంది, ముడుచుకుంటుంది. తెల్లవారుజామున 25 డిగ్రీలున్న పన్నెండడుగుల రేకు మధ్యాహ్నం 65 డిగ్రీలకు వేడెక్కితే పొడవులో దాదాపు 1.8 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. బొక్క వదులయ్యేదీ, ఎం-సీల్ ముద్ద పెచ్చుగా లేచిపోయేదీ అందుకే. స్క్రూ తల మీద టేపు వేస్తే గుడారంలా లేచి, ఆ తల అంచు దగ్గరే చిరుగుతుంది. అక్కడ కావాల్సింది కొత్త స్క్రూ. పాతది 5.5 మిల్లీమీటర్లదైతే 6.3 లావుది, ఈపీడీఎం (ఎండకు తట్టుకునే రబ్బరు) వాషరుతో వేయాలి. కింద అడ్డ పైపులు మూడుంటే ఒక్కో రేకుకు పదిహేను దాకా పడతాయి. వాషరు అంచు కొంచెం ఉబ్బి కనిపించగానే డ్రిల్లు ఆపేయాలి. పైనున్న ఇనుప బిళ్ల గిన్నెలా లోపలికి వంగిందంటే ఎక్కువ బిగించినట్టే, రబ్బరు నలిగి త్వరగా పాడవుతుంది.

టేపు పనికొచ్చేది రేకుల అతుకులకూ, తుప్పు తిన్న చిన్న చిల్లులకూ. అతుకు నోరు పడమరకుంటే ఆషాఢం గాలి వానను నేరుగా లోపలికి కొడుతుంది. అక్కడ దీన్ని మించింది లేదు. సున్నం వేసిన గోడ మీద మాత్రం నిలవదు.

కారే చోటు పట్టుకోవడమే అసలు పని. చుక్క రాలే చోటే బొక్క ఉంటుందనుకోవద్దు, నీళ్లు రేకు అడుగున పాకి ఎక్కడో అడ్డ పైపు దగ్గర రాలుతాయి. ముందు కరెంటు తీసేసి స్టార్టరు డబ్బా మీద పట్ట కప్పాలి. ఒకరు లోపలుండి చూస్తుంటే ఇంకొకరు కింది చూరు నుంచి పైకి కొంచెం కొంచెంగా నీళ్లు పట్టాలి. పైనుంచి మొదలెడితే అన్నీ ఒకేసారి కారి ఏది ఏదో తెలియదు.

అతికించడం మంచు ఆరాక, రేకు కాలకముందు, అంటే ఉదయం ఎనిమిది నుంచి పది లోపు. తుప్పును వైరు బ్రష్షుతో గీకి, థిన్నరు గుడ్డతో తుడిచి ఆరనివ్వాలి. ముక్క మూలల్ని కత్తెరతో గుండ్రంగా కత్తిరించాలి, చదరపు మూల ముందుగా లేస్తుంది. వెనక కాగితం అంతా ఒకేసారి లాగేయకుండా జానెడు జానెడు తీస్తూ సీసాతో గట్టిగా దొర్లించాలి. ఒక్క ముడత మిగిలినా నీళ్లకు అదే కాలువ. ముక్క మీద ముక్క రెండంగుళాలు ఎక్కాలి, వాలులో పైనున్న ముక్క ఎప్పుడూ దిగువనున్న ముక్క మీదికే రావాలి.

కొనేటప్పుడు వాసన చూడండి. డాంబరు వాసన కొడితే అది బిటుమిన్ టేపు, మన ఎండకు కరిగి జారుతుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి మరి.

సిమెంటు రేకుల మీద ప్రైమరు లేకుండా ఈ టేపు పట్టదు. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది కాబట్టి పొడిగా గీకొద్దు, బాగా తడిపి, మాస్కు పెట్టుకుని మెత్తటి బ్రష్షుతోనే రుద్దాలి. వాటి మీద నేరుగా నడిస్తే విరుగుతాయి, పలక వేసుకోవాల్సిందే. పగులు బారెడు పొడవుంటే టేపు దండగ, ఆ రేకు మార్చేయండి.

మిగిలిన చుట్టను షెడ్డులోనే పెట్టొద్దు. ఆ వేడికి జిగురు పక్కలకు కారి, మళ్లీ విప్పబోతే రాదు.