స్లాబు పనులు చేసే అన్నలారా, నోటితో ఆర్డర్ పెట్టే యాప్ కొనేముందు ఇది చదవండి

నిన్న స్లాబు ఏసినాం, రాత్రంతా నిద్ర లేదు, కోపం తగ్గకముందే రాస్తాండా, తప్పులుంటే సర్దుకోండి. నోటితో చెప్తే సైటు డైరీ రాసుకుని మెటీరియల్ ఆర్డర్ కూడా పంపే యాప్ ఉండాది కదా, మన కాంట్రాక్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో వీడియోలు తిప్పుతాండారే, అదే. రెండు నెల్ల కింద ఏడాదికి 9,500 కట్టినా. డైరీ వరకు బాగానే చేసింది, "బేల్దార్లు నలుగురు, కూలోళ్లు ఆరుమంది, సిమెంటు పది మూటలు" అంటే అట్లే రాసుకునేది. దాంతో నమ్మకం కుదిరింది.

ఎర్రముక్కపల్లెలో ఒక రిటైరైన ఐవారి ఇల్లు. 900 చదరపు అడుగులు, 5 ఇంచుల మందం, బీములతో కలిపి లెక్కేస్తే 12.5 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. మొన్న సాయంత్రం సెంట్రింగ్ మీద నిలబడి, కింద రాడ్ కటింగ్ మిషన్ తిరుగుతాంటే, ఫోన్లో "పండ్రెండున్నర క్యూబిక్, ఎం ట్వంటీ ఫైవ్, రేపు పొద్దున ఏడుకి" అన్నా. ఎం ట్వంటీ ఫైవ్ అంటే కాంక్రీటు బలం చెప్పే గ్రేడు. టింగుమంది, కాంక్రీటు కలిపి బండ్లలో పంపే రెడీమిక్స్ ప్లాంటుకు ఆర్డర్ పోయింది. నేను చూసుకోలేదు. అది నా తప్పే, ఒప్పుకుంటా, ఇన్నేండ్లలో చలానా చదవకుండా సంతకం పెట్టినోన్ని కాదు, ఫోన్లో ఒక్క లైను చదవలేకపోయినా.

పోయింది 12. అర లేదు.

పొద్దున బండ్లు రెండు వచ్చినాయి, ఒక్కోదాంట్లో 6. మిగతా అర ఎనకమాల వస్తాదనుకుంటి. రాలే. అర క్యూబిక్ అంటే ఏముందిలే అనుకునేరు, 5 ఇంచుల స్లాబులో అది 42 చదరపు అడుగులు. మిగిలింది ఈశాన్యం మూల, ఐవారి దేవుడి గది మీద. ప్లాంటుకు ఫోన్ చేస్తే అరకు బండి సాయంత్రం దాకా పంపలేమన్నారు. కడప ఎండ మీకు తెలుసు. పక్క వీధి నుంచి మిక్సర్ తెప్పించి, నాలుగు మూటలు కలిపి పోసేసరికి రెండున్నర గంటలు. ముందు పోసిన అంచు అప్పటికే బిగుసుకుపోయింది. సిమెంటు పాలు పోసినాం, వైబ్రేటర్ పెట్టినాం, అయినా ఒక్క దెబ్బన పోసినట్టు అతకదు కదా, రేపు వానకు నీళ్లు కారితే అక్కడే కారతాది. ఐవారు అంతసేపు కింద కుర్చీలో కూర్చుని పైకే చూస్తాండారు, ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ.

ఇంత జరిగినాక వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసినా. ఆ పిల్లోడు "రికార్డింగ్ ఉంది సార్, వినిపిస్తాను" అని వినిపించినాడు. నా గొంతే. మిషన్ శబ్దంలో కూడా పండ్రెండున్నర అని నాకు వినపడింది, పక్కనున్న మేస్త్రికీ వినపడింది. అప్పుడు వాడన్న మాట: "చూశారా సార్, మీరు పన్నెండు అనట్లేదు, పండ్రెండు అంటున్నారు, సిస్టమ్ ఎలా పట్టుకుంటుంది? కొంచెం కరెక్ట్ తెలుగు అలవాటు చేసుకోండి."

కరెక్ట్ తెలుగంట. మా అవ్వ లెక్కబెట్టిన మాట అది, మా నాయన కొలతలు చెప్పిన మాట. రోజూ సైటుకు పోయేటప్పుడు బ్రౌన్ లైబ్రరీ ముందర నుంచే పోతా, ఆ దొర ఈ ఊర్లో కూర్చునే తెలుగు పుస్తకాలు బాగు చేయించినాడు. అట్లాంటి ఊర్లో నిలబడి నా తెలుగు తప్పని ఇనిపించుకున్నా. పైగా వాడు చెప్పింది అబద్ధం. పండ్రెండు అర్థం కాకపోతే 12 అని ఎట్ల రాసింది? పోయింది అర కదా! అదే అడిగితే "పంపేముందు చెక్ చేసుకోవాలని టెర్మ్స్‌లో ఉంది సార్" అని పెట్టేసినాడు. అడగకుండానే పంపేట్టు సెట్టింగ్ పెట్టింది వాళ్ల మనిషే, "చేతులకు సిమెంటు ఉంటది కదా సార్, మళ్లీ నొక్కే పని లేకుండా" అని. సీమ యాస కూడా పడతాదని నమ్మబలికిందీ ఆయనే, అదీ మా ఇంటి హాల్లో తలుపులేసి, తనే మాట్లాడి చూపిచ్చినాడు.

కంప్యూటర్ పని చేసే మా అక్క కొడుకు చెప్పినాడు, ఇవి ముందుగా ఎక్కించిన గొంతులు విని నేర్చుకుంటాయంట, మన గొంతులు తక్కువుంటే మన మాట తక్కువ పడతాది, మిషన్ల మోత దానికి తోడు. మామూలు మాట తప్పుపడితే ముందూ ఎనకా మాటలు చూసి సరి చేసుకుంటాదంట, అంకెకు ఆ ఆసరా లేదు. 12 చూసినోనికి 12 సరిగ్గానే కనపడతాది.

డబ్బులు ఎనక్కి ఇయ్యరంట. మీరెవరైనా తీసుకోవాలనుకుంటే సైటులో మిషన్ తిరుగుతాంటే మీ మేస్త్రితో మాట్లాడించి చూసినాకే డబ్బులియ్యండి. ఇప్పటికే వాడుతాంటే తనంతట తాను పంపే సెట్టింగ్ ఈ రోజే తీసేయండి. అర, పావు, ముక్కాలు నోటితో చెప్పొద్దు, కాంక్రీటు ఆర్డర్ ఫోన్ చేసి ప్లాంటు మనిషితోనే తిరిగి చెప్పించుకోండి. నేను ఇప్పుడు సైటుకు పోతాండా, స్లాబు మీద కట్టలు కట్టి నీళ్లు నిలపాల, ఆ మూల కింద నిలబడి చూసుకోవాల.