ముందు ఫ్రిస్కో, తర్వాతే ఆర్లింగ్టన్: కొన్ని సీజన్ల బేస్‌బాల్ అనుభవం

బేస్‌బాల్ మీద ఆసక్తి పుట్టిన మనవాళ్లు చాలామంది నేరుగా అన్నిటికన్నా పై స్థాయి అయిన మేజర్ లీగ్ చూడటం మొదలుపెట్టి, బోర్ కొట్టి మానేస్తారు. దగ్గర్లో ఉన్న మైనర్ లీగ్ జట్టుతో మొదలుపెట్టమని నేను అందరికీ చెబుతాను. నాకు ఆ జట్టు ఫ్రిస్కో రఫ్‌రైడర్స్. డాలస్ పక్కనే ఆడే ఈ జట్టు, ఆర్లింగ్టన్‌లో ఆడే మేజర్ లీగ్ జట్టు టెక్సస్ రేంజర్స్ కింద డబుల్-ఎ స్థాయిలో ఉంటుంది. కొన్ని సీజన్లుగా రెండు జట్లనీ వదలకుండా చూస్తున్నాను.

క్రికెట్ చూసి పెరిగినవాళ్లకు ముందు తెలియాల్సింది ఈ మెట్ల వరస. 30 మేజర్ లీగ్ జట్లకు ఒక్కోదాని కింద సింగిల్-ఎ, హై-ఎ, డబుల్-ఎ, ట్రిపుల్-ఎ అని నాలుగేసి జట్లు. ఎవరు ఎప్పుడు పై మెట్టెక్కాలో పైజట్టే నిర్ణయిస్తుంది. కాబట్టి ఇక్కడ గెలుపు కన్నా కుర్రాళ్లను తయారుచేయడమే ముఖ్యం. అద్భుతంగా వేస్తున్న పిచర్‌ని (మన బౌలర్ లాంటివాడు) కూడా, ఆ రోజుకి అనుకున్నన్ని బంతులు వేయడం అయిపోగానే పక్కన కూర్చోబెడతారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మనం ఇష్టపడ్డ ఆటగాడు సీజన్ మధ్యలో పైకి వెళ్లిపోతే ఇక్కడి లైనప్ బోసిపోతుంది.

అయినా ఎందుకు చూడాలంటే ఎవన్ కార్టర్ కోసం. 2023 వేసవిలో అతను ఇక్కడ, మనకు కొన్ని అడుగుల దూరంలో ఆడుతున్నాడు. చెడ్డ బంతిని అస్సలు ముట్టుకునేవాడు కాదు. ఆ ఓపికే అతని బలం. మధ్యలో కొద్ది రోజులు రౌండ్ రాక్‌లో ట్రిపుల్-ఎ ఆడి, సెప్టెంబరులో రేంజర్స్‌లోకి వచ్చాడు. 21 ఏళ్లకే ఆ పోస్ట్ సీజన్‌లో (రెగ్యులర్ సీజన్ తర్వాతి నాకౌట్ పోటీల్లో) 9 డబుల్స్, అంటే రెండో బేస్ దాకా చేర్చే షాట్లు, కొట్టి రికార్డు పెట్టాడు. రేంజర్స్ మొట్టమొదటి వరల్డ్ సిరీస్ (మేజర్ లీగ్ ఫైనల్) గెలిచింది అప్పుడే. ఆ మ్యాచ్‌ల్లో అతను బ్యాటింగ్‌కి వచ్చిన ప్రతిసారీ నాకు మా ఇంటి పిల్లాడు పరీక్ష రాస్తున్నంత టెన్షన్.

కొత్త రూల్స్ కూడా ఇక్కడే ముందు కనిపిస్తాయి. పిచర్ ఇన్ని సెకన్లలోపు బంతి వేయాలని గడువు పెట్టే పిచ్ క్లాక్‌ని 2022లోనే ఫ్రిస్కోలో చూశాం, మేజర్ లీగ్‌కి 2023లో వెళ్లింది. అది వచ్చాక ఆట మూడు గంటల నుంచి 2 గంటల 40 నిమిషాలకు తగ్గింది. పిల్లలతో వెళ్లేవాళ్లకు అది పెద్ద మేలు.

ఫ్రిస్కో స్టేడియానికి పైకప్పు లేదు. జులైలో సాయంత్రం ఏడింటికి కూడా ఎండ మండిపోతుంది. ఆర్లింగ్టన్‌లో అయితే పైకప్పు మూసి ఏసీ వేస్తారు. కానీ అక్కడ పైవరసల్లో కూర్చుంటే బంతి ఎటు తిరిగిందో కనిపించదు. ఫ్రిస్కోలో మొదటి బేస్ వైపు కింది వరసల్లో కూర్చోండి, బంతి గ్లవ్‌లో పడే చప్పుడు కూడా వినిపిస్తుంది. ఒక పెన్సిల్, స్కోర్‌కార్డ్ పట్టుకెళ్లండి. డబుల్ ప్లేని (ఒకే బంతికి ఇద్దరు అవుటవడాన్ని) బంతి ఏ ఫీల్డర్ల చేతులు మారిందో వాళ్ల స్థానాల నంబర్లతో 6-4-3 అని రాసుకోవడం అలవాటైతే ఆట తొందరగా పట్టుబడుతుంది.

రేంజర్స్‌వి రెగ్యులర్ సీజన్‌లోనే 162 మ్యాచ్‌లు, అన్నీ చూడటం ఎవరి వల్లా కాదు. మామూలు రోజుల్లో రేడియోలో వింటాను. ఆర్లింగ్టన్ టికెట్ మీద డబ్బు పెట్టేది మాత్రం ఫ్రిస్కోలో చూసిన కుర్రాడెవరైనా ఆ రోజు ఆడుతుంటేనే.