కోనసీమలో నీలి రెక్కలు: మందు కొట్టిన తోట, పంటు మీద ఉదయం

‘సీతాకోకచిలుకల తోట’ అన్న బోర్డు చూసి గది తీసుకునేవాళ్లు, డబ్బు కట్టేముందు ఒక్క మాట అడగండి: సాయంత్రం దోమల మందు కొడతారా అని. మేం అడగలేదు. రాత్రికి 3,800 చొప్పున రెండు రాత్రులకు 7,600 రూపాయలు ముందే కట్టేశాం.

పోయిన కార్తీకంలో నేను, మా ఆవిడ, ఆరో తరగతి చదివే మా అమ్మాయి, మా బావమరిది వెళ్లాం. ప్రయాణానికి కారణం అమ్మాయే. మోనార్క్ సీతాకోకలు మెక్సికో దాకా వలస వెళ్తాయని చదివి, “మన దగ్గర అలాంటివి లేవా నాన్నా?” అంది. ఎందుకు లేవు! బ్లూ టైగర్, డార్క్ బ్లూ టైగర్, కామన్ క్రో, డబుల్ బ్రాండెడ్ క్రో, ఇవన్నీ మోనార్క్ దాయాదులే. నైరుతి వానలకు ముందు పడమటి కనుమల నుంచి తూర్పు మైదానాలకు వస్తాయి. ఇక్కడ పుట్టిన తరం వానలు తగ్గాక, సెప్టెంబరు నుంచి నవంబరు మధ్య, మళ్లీ పడమటి దారి పడుతుంది.

రాజమండ్రిలో రైలు దిగి కారు మాట్లాడుకున్నాం. మూడు రోజులకు 9,600, డ్రైవరు బత్తా రోజుకు 400. అంబాజీపేటలో పొట్టిక్కలు తిన్నాం, నలుగురికీ కలిపి 200. పనసాకుల బుట్టలో ఉడికిన ఆ ఇడ్లీ వాసన కోసమైనా ఆ దారిన పోవాలి. మా బావమరిది మూడో వాయి చెప్పాడు.

మధ్యాహ్నానికి బస చేరాం. తోట బాగుంది, అది ఒప్పుకోవాలి. కంచె వెంబడి గిలిగిచ్చ మొక్కలు, ఎండిన కాయలు గలగలమంటున్నాయి. వాటి నిండా బ్లూ టైగర్లు, నల్లటి రెక్కల మీద లేత నీలం చారలతో. అమ్మాయి 43 లెక్కపెట్టింది. వాలేవి ఎక్కువగా మగవి. గిలిగిచ్చ రసంలోని ఆల్కలాయిడ్లు అనే చేదు రసాయనాలతోనే అవి ఆడవాటిని ఆకర్షించే పరిమళం తయారు చేసుకుంటాయి. అవే ఆల్కలాయిడ్లు ఒంట్లో ఉంటే పక్షులకు చేదు, జోలికి రావు. ఇదంతా చెప్తూ గంటసేపు అక్కడే కూర్చున్నాను. మా ఆవిడ కాఫీలు అక్కడికే తెప్పించింది.

అయిదున్నరకి ఒక కుర్రాడు పొగ మిషను భుజాన వేసుకుని వచ్చాడు. నేను లేచి అరిచేలోపే కంచె కనబడకుండా తెల్లటి పొగ కమ్మేసింది. సీతాకోకలు రెక్కలు ముడుచుకుని కొమ్మలకు వేలాడే వేళ అది. ఒళ్లు చల్లబడ్డాక ఎగిరి తప్పించుకోలేవు. దోమల మందు దోమనే వెతుక్కుని చంపదు కదా! మేనేజరు దగ్గరికి పరిగెత్తాను.

“దోమలని గెస్టులు గొడవ చేత్తారండి. రోజూ కొడతాం, ఆయ్.”

“మరి సీతాకోకలో?”

“పొద్దున్నకి కొత్తవి వచ్చేత్తాయండి.”

పొద్దున్నే అమ్మాయి నాకంటే ముందు లేచి కంచె దగ్గరికెళ్లింది. కింద రాలినవాటిని ఏరి అరటాకు ముక్క మీద పేర్చింది. 17. రెండింటికి కాళ్లు ఇంకా కదులుతున్నాయి. ఫొటో తీసి, ఆకుతో సహా కొబ్బరి మొదట్లో పెట్టింది. టిఫిన్ ముట్టలేదు. రెండో రాత్రి మాకొద్దు, 3,800 వెనక్కివ్వమని మా బావమరిది గట్టిగా అడిగాడు. “రూలు లేదండి, భోజనం ఫ్రీగా పెట్టిత్తాం” అన్నారు. మా ఆవిడ అప్పటికే సంచులు కారులో పెట్టేసింది.

అక్కడ మంచి మాట చెప్పింది ఒక్క తోటమాలే. గేటు దగ్గర అమ్మాయిని పిలిచి, “పాపగారూ, ముక్తేశ్వరం రేవు కాడికెళ్లండి. ఎండెక్కాక ఏరు దాటతాయి, చూద్దురుగాని” అన్నాడు. కారుని ఎదుర్లంక వంతెన మీదుగా అవతలి గట్టు కోటిపల్లికి చుట్టి రమ్మని, మేం ఏరు దాటించే పంటు ఎక్కాం. మనిషికి టీ ఖర్చంత కూడా కాలేదు.

తొమ్మిది దాకా మబ్బు. ఒక్కటీ లేదు. అమ్మాయి మొహం చూడలేకపోయాను. నడి గౌతమిలో ఉండగా ఎండ విచ్చుకుంది. అటు కోటిపల్లి వైపు నుంచి ఒకటి, తర్వాత రెండు, ఆ వెనక అయిదారు, మాకు ఎదురుగా వచ్చాయి. నీటికి రెండు నిలువుల ఎత్తున, గాలి పక్కకు తోసినా మళ్లీ అదే వరసలోకి వచ్చి, పడమటికే పోతున్నాయి. ఒక క్రో సీతాకోక వచ్చి ఎవరిదో మోటారుసైకిలు హ్యాండిల్ మీద వాలింది. ఆ మనిషి రేవొచ్చినా బండి కదపలేదు, అది ఎగిరేదాకా ఆగాడు. “దీపాల రోజులకి వత్తాయండి ఇవి” అన్నాడు పంటు మీది సరంగు.

కోటిపల్లిలో దిగి, కార్తీక స్నానాల రద్దీ దాటుకుని సోమేశ్వరుడికి దండం పెట్టుకుని, మళ్లీ అదే పంటు ఎక్కాం. అటూ ఇటూ మొత్తం మూడుసార్లు దాటాం. అమ్మాయి లెక్క 112 దగ్గర ఆగింది. ఆ తర్వాత లెక్కపెట్టడం మానేసి ఊరికే చూస్తూ కూర్చుంది. రేవులో కొన్న వేయించిన వేరుశనక్కాయల పొట్లం ఒక్కతే ఖాళీ చేసింది.

ద్రాక్షారామం, కాకినాడలో 1,500 లాడ్జి, అంతా సాఫీగా జరిగిపోయింది. మూడో రోజు కోరింగ. 1978లో అభయారణ్యంగా ప్రకటించిన మడ అడవి. చెక్క వంతెన మీద నడుస్తుంటే అటూ ఇటూ మడ, తిల్ల చెట్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు. పోటు దిగాక వెళ్లండి, బురదలో గెంతే చేపలు అప్పుడే కనబడతాయి. సీతాకోకల కోసమైతే మాత్రం ఏటి గట్టే నయం.

ఇంటికొచ్చిన మూడో రోజు ఆ బస వాళ్ల దగ్గర్నుంచి మెసేజ్: అయిదు నక్షత్రాలు ఇవ్వమని. ఒకటిచ్చి, అరటాకు మీది 17 సీతాకోకల ఫొటో పెట్టాను. సాయంత్రానికే ఫోన్ చేశారు. ఫొటో తీసేస్తే 3,800 వెంటనే పంపిస్తారట. పొగ కొట్టడం మానేశారా అని అడిగాను. దోమలెక్కువండి అన్నారు. ఫొటో అలాగే ఉంచాను.