వన్‌డ్రైవ్ ఫోల్డర్ సీ డ్రైవ్ నుంచి డీకి: చాన్నాళ్లు వాడాక నా అభిప్రాయం

మాది డీటీపీ పని. శుభలేఖలు, కరపత్రాలు, అప్పుడప్పుడు ఫ్లెక్సీలు. లాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (వేగంగా నడిచే డిస్క్, విండోస్ లెక్కలో అది 238 జీబీయే) సీ డ్రైవ్, దానికి తోడు కాస్త నెమ్మదైన 1 టీబీ మామూలు హార్డ్ డిస్క్ డీ డ్రైవ్. ఫైళ్లను నెట్‌లో (క్లౌడ్‌లో) దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ ఏమో మామూలుగా సీ డ్రైవ్‌లో యూజర్ ఫోల్డర్ కిందే తిష్ట వేస్తుంది. ఫొటోషాప్ ఫైళ్లు పెరిగి పెరిగి సీ డ్రైవ్ గీత ఎర్రబడింది, ఆఖరికి విండోస్ అప్‌డేట్‌కి కూడా చోటు చాల్లేదు. అప్పుడు ఫోల్డర్ మొత్తాన్ని డీకి మార్చాను, అప్పట్నుంచీ అక్కడే నిక్షేపంగా నడుస్తోంది. కానీ మార్చే పద్ధతికి ఇన్ని మెలికలు అక్కర్లేదు. ఇలాంటిదే ఇంకో సర్వీసు డ్రాప్‌బాక్స్‌లో అయితే సెట్టింగ్స్‌లోనే ‘మూవ్’ బటన్ ఉంటుంది, ఎక్కడికో చెబితే అదే మోసుకెళ్తుంది. వన్‌డ్రైవ్‌లో అలాంటిది లేదు.

ముందు తెలియాల్సింది ఒకటే: కంప్యూటర్ వన్‌డ్రైవ్ అకౌంట్‌కి లింక్ అయి ఉండగా ఆ ఫోల్డర్ లోపలి ఫైళ్లను కట్ చేసి బయట పెడితే వన్‌డ్రైవ్ దాన్ని డిలీట్ కింద లెక్కేస్తుంది. క్లౌడ్‌లోంచి తీసేస్తుంది, అదే అకౌంటున్న మిగతా కంప్యూటర్లలోంచీ పోతాయి. పర్సనల్ అకౌంట్‌కి రీసైకిల్ బిన్‌లో 30 రోజులు ఉంటాయి కాబట్టి వెనక్కి తెచ్చుకోవచ్చు గానీ, రేపు పొద్దున కార్డు ప్రింటుకి వెళ్లాలనగా ఆ టెన్షన్ ఎవరికి కావాలి.

కాబట్టి డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే ముందు అది ఆపండి, తర్వాత సెట్టింగ్స్‌లో అకౌంట్ దగ్గర ‘అన్‌లింక్ దిస్ పీసీ’ నొక్కండి, ఆ తర్వాతే ఫోల్డర్‌ని డీలోకి కట్, పేస్ట్. మేఘం గుర్తున్న ఫైళ్లు ఈ దశలో కనిపించకపోతే కంగారు పడకండి, అవి అసలు మీ డిస్క్‌లో లేవు, క్లౌడ్‌లో భద్రంగా ఉన్నాయి. మళ్లీ సైన్ ఇన్ అయ్యేటప్పుడు ఫోల్డర్ ఎక్కడుంటుందో చూపించే స్క్రీన్‌లో ‘చేంజ్ లొకేషన్’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది, చెయ్యి అలవాటుగా ‘నెక్స్ట్’ మీదికి పోతుంది, అక్కడ ఆగాలి. ఇంకో కిటుకు: అక్కడ డీ డ్రైవ్‌నే ఎంచుకోవాలి, డీలో ఉన్న వన్‌డ్రైవ్ ఫోల్డర్‌ని కాదు. లేదంటే వన్‌డ్రైవ్ లోపల ఇంకో వన్‌డ్రైవ్ పుడుతుంది. సరిగ్గా ఎంచుకుంటే ‘ఇక్కడ ఇప్పటికే ఫైళ్లున్నాయి, ఇదే వాడమంటారా’ అని అడుగుతుంది, సరేననండి.

ఆ తర్వాత చాలాసేపు ‘ప్రాసెసింగ్ చేంజెస్’ అంటూ కూర్చుంటుంది. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం, ఫ్యాన్ హోరు. అన్నీ మళ్లీ అప్‌లోడ్ అవుతున్నాయేమో అనిపిస్తుంది, కాదు, ఇక్కడి ఫైలూ క్లౌడ్‌లోదీ ఒకటేనా అని సరిచూస్తోంది అంతే. రాత్రి ఆన్‌లో వదిలేసి పడుకోవడం మేలు. ఎక్కడైనా రెండూ తేడాగా ఉంటే ఫైలు పేరు చివర కంప్యూటర్ పేరు తగిలించి ఇంకో కాపీ పెడుతుంది, వాటిని తర్వాత తీరిగ్గా వెతికి చూసుకోండి.

వాడకంలో లాభం బాగా తెలిసింది విండోస్ కొత్తగా వేయించినప్పుడు. సీ తుడిచిపెట్టుకుపోయినా డీలో ఫోల్డర్ అలాగే ఉంది, లింక్ చేస్తే చాలు, వందల జీబీ మళ్లీ దింపుకోనక్కర్లేదు. నష్టమూ ఉంది. హార్డ్ డిస్క్ కదా, పెద్ద పీఎస్‌డీ (ఫొటోషాప్ ఫైలు) తెరిస్తే తేడా తెలుస్తుంది. పాత పేజ్‌మేకర్ ఫైళ్లు కూడా కొన్ని సీ డ్రైవ్ దారే గుర్తుపెట్టుకుని ఫొటో ఎక్కడుందో చూపించమన్నాయి. అందుకే నడుస్తున్న ఆర్డర్లు మాత్రం ఎస్‌ఎస్‌డీలో విడిగా పెట్టుకుని, పనయ్యాక వన్‌డ్రైవ్‌లో పడేస్తాను.

మీ డీ అనేది అదే డిస్క్‌లో కోసిన ఇంకో ముక్కయితే ఇంత శ్రమ పడేముందు ఆలోచించండి. చోటు చాలకపోవడమే సమస్యైతే, పాత ఫోల్డర్ల మీద రైట్ క్లిక్ చేసి ‘ఫ్రీ అప్ స్పేస్’ అంటే సరిపోవచ్చు, నెట్ బాగుంటేనే సుమా. ఇక బయట తగిలించే డిస్క్ మీద పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పను. ఆ డిస్క్ ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డిస్కులకి వాడే ఫార్మాట్) కాకపోతే వన్‌డ్రైవ్ ఒప్పుకోనే ఒప్పుకోదు, ఒప్పుకున్నా ఓ రోజు కేబుల్ పెట్టకుండా ఆన్ చేస్తే ఫోల్డర్ కనబడట్లేదని మళ్లీ మొదట్నుంచీ సెటప్ అడుగుతుంది.