ఒకే చందానా, డెల్‌నెట్టా?

అనంతపురంలో మా ప్రైవేటు కాలేజీ లైబ్రరీలో కెమిస్ట్రీ జర్నళ్ల ర్యాక్ మీద ఇప్పుడు పాత హాజరు రిజిస్టర్లున్నాయి. చందాలు ఆపేశారు మరి.

ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు 'ఒకే దేశం, ఒకే చందా' అనే కేంద్ర పథకం ఉంది: 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 ఈ-జర్నళ్లు. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్లు కేంద్రానివే. ఒక పేపర్ చదువుతూ దాని ఫుట్‌నోట్ పట్టుకుని ఇంకోదాంట్లోకి దూకేయొచ్చు. థీసిస్‌కు కావాల్సింది అదే. కానీ మొదటి దశలో ప్రైవేటు కాలేజీలకు చోటివ్వలేదు.

మాకు దిక్కు డెల్‌నెట్, అంటే లైబ్రరీలు ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకునే నెట్‌వర్క్. వివరాలు పంపితే సభ్య లైబ్రరీల్లో ఎక్కడున్నా వ్యాసం తెప్పిస్తారు. "వాల్యూమ్ ఎంతమ్మా?" అని లైబ్రేరియన్ సార్ అడిగితే తడుముకోకూడదు, అంకె తప్పితే మళ్లీ మొదటికే. నెలకు రెండు పేపర్లయితే చాలు. వారానికి ఇరవై కావాలంటే మాత్రం, ఎదురుచూపుల్లోనే సెమిస్టర్ అయిపోతుంది.