టైల్ బాడీకి ఏది మేలు: గని ఫెల్డ్‌స్పారా, గ్రానైట్ స్లర్రీయా?

విట్రిఫైడ్ టైల్ బాడీలో, అంటే పైపూత కాకుండా మిగిలిన దిమ్మలో, ఇంచుమించు సగం ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజమే. 1200 డిగ్రీల వేడి దగ్గర అది కరిగి, మట్టి రేణువుల మధ్య సందులు పూడ్చి గాజులా బిగుసుకుంటుంది. టైల్ 0.5 శాతానికి మించి నీరు పీల్చకపోవడం దాని చలవే. మరి ఆ ఫెల్డ్‌స్పార్ ఎక్కడి నుంచి తేవాలి?

అందరికీ తెలిసిన దారి గని. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం దొరికే పెగ్మటైట్ అనే పెద్ద స్ఫటికాల రాతిలోనే పలుగురాయి, ఫెల్డ్‌స్పార్ కలిసి ఉంటాయి. ఏరిన మంచి పొటాష్ ఫెల్డ్‌స్పార్‌లో పొటాష్ 10 శాతం దాటుతుంది, ఇనుము చాలా తక్కువ. పొడిని బిళ్లగా చేసి కాలిస్తే పాలరంగులో వస్తుంది. ఆ తెలుపును గ్రానైట్ పొడి అందుకోలేదు. కానీ పెగ్మటైట్ రాయి తవ్వితే తరుగుతుంది, మళ్లీ పుట్టదు. పైగా ఈ రకం రాళ్లలో లిథియం, బెరీలియం, టాంటలం వంటివి కూడా ఉండే అవకాశం ఉంది. 2015లో చిన్నతరహా ఖనిజాల కింద చేర్చిన ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, అభ్రకాలను కేంద్రం 2025 ఫిబ్రవరిలో మళ్లీ ప్రధాన ఖనిజాల్లోకి మార్చింది అందుకే. అలాంటి రాతిని నేలమీద పరిచే టైల్ కోసం పొడి చేసేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

రెండో దారి కరీంనగర్, ఖమ్మం, ఒంగోలు కటింగ్ యూనిట్ల పక్కన గుట్టలుగా పడి ఉన్న స్లర్రీ, అంటే గ్రానైట్ కోసేటప్పుడు నీళ్లతో కలిసి వచ్చే రాతి పొడి బురద. గ్రానైట్ అంటేనే ఫెల్డ్‌స్పార్, పలుగురాయి, కొంత అభ్రకం. పైగా అది ఇప్పటికే మెత్తని పొడి, ముడిసరుకును నూరే బాల్ మిల్లులో కరెంటు ఖర్చు తగ్గుతుంది. ఇబ్బందల్లా ఇనుముతోనే. ఎండిన స్లర్రీలో అయస్కాంతం తిప్పి చూడండి, నల్లటి ఉక్కు రజను ముళ్లలా అంటుకుంటుంది. గ్యాంగ్‌సా అనే చాలా బ్లేడ్ల రంపంలో కోతకు వాడే ఉక్కు గుళ్లు అరిగి కలిసిన రజను అది. అయస్కాంతంతో దాన్ని తీసేసినా, రాతిలోని నల్ల అభ్రకం బాడీని గోధుమ రంగుకు తిప్పుతుంది. వజ్రపు వైర్లతో కోసే యూనిట్ల స్లర్రీలో ఈ ఉక్కు బెడద ఉండదు.

పాలిషింగ్ స్లర్రీ మాత్రం వద్దు. అందులోని సిలికాన్ కార్బైడ్ కొలిమిలో వాయువు వదిలి టైల్‌ను ఉబ్బిస్తుంది. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ రాతి పొడీ వేరే సంగతి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు కానీ అది గాబ్రో జాతి రాయి, ఇనుము బాగా ఎక్కువ.

రంగు బాడీ నేల టైల్‌కు, గ్లేజ్ (గాజు పూత) కింద దాగిపోయే బాడీకి స్లర్రీయే మేలని నా నిశ్చితాభిప్రాయం. శానిటరీ సామాను, కప్పులు, గ్లేజులకు గని ఫెల్డ్‌స్పార్‌ను దాచాలి. ఫ్యాక్టరీలోనే పచ్చిగా విరిగిన ముక్కలు ఎలాగూ మిల్లులోకి తిరిగి వెళ్తాయి, వాటి గురించి వేరే చర్చ అక్కర్లేదు.

స్లర్రీ కొనేవాళ్లు ముందుగా యూనిట్ వాళ్లతో ఒక్క షరతు పెట్టుకోవాలి: ఏ రాయి స్లర్రీకి ఆ గుంత, పాలిషింగ్ నీళ్లు వేరే గుంతలోకి. ఈ గుంతలు ఒకసారి కలిసిపోతే ఏ లోడు ఏ రంగులో కాలుతుందో ఎవరూ చెప్పలేరు.